అత్త కాలికి అచ్చు

ఆ ఆదివారం పొద్దున పరమేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి. అత్త కాలి కడియానికి అచ్చు తీయాలి. మధ్యాహ్నం అచ్చు ఎండబెట్టి, రాత్రికల్లా అందులో రబ్బరు పాలు పోసి, మర్నాడు మెరుగు పెట్టి, సాయంత్రానికి ఆ రబ్బరు కడియాన్ని వరాఛా బజారులో ఒక సేఠ్ ముందు పెట్టాలి. వీటిలో చాయ్ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పరమేశ్ సూరత్‌లో అమ్రోలి వైపు ఒక షెడ్డులో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని కరీంనగర్ వైపు వాళ్లు సాంచ అనే అంటారు, సూరత్ వచ్చినా ఆ పేరు మార్చలేదు. చేతులు సాంచ మీద ఉన్నా అతని ప్రాణమంతా వేషాల సామాను మీదే. తెలుగు కార్మికులు ఏటా వేసే నాటకానికి గదలు, కత్తులు, కిరీటాలు, రాక్షసుల కోరలు అన్నీ అతనే రబ్బరుతో చేసేవాడు. మట్టితో బొమ్మ చేసి, దాని మీద పీఓపీ ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో రబ్బరు పాలు పొరలు పొరలుగా పోసేవాడు. పొరకూ పొరకూ మధ్య షెడ్డులో ఊడ్చి పారేసే దారం చిక్కులు పరిచేవాడు. చేతికి బరువు తెలియాలని లోపల వలలకు కట్టే సీసపు గుండ్లు వరసగా కూర్చేవాడు. రంగు పైన పూస్తే పెచ్చులూడుతుందని ఆఖరి పొర పాలలోనే కలిపేసేవాడు. అతను చేసిన గదతో ఇద్దరు తాగి నిజంగానే కొట్టుకున్నా, తలా పగల్లేదు, గదా పగల్లేదు.

అతని పనితనం మీద అందరికీ నమ్మకమే, అతనికి తప్ప. కొన్నేళ్ల క్రితం తోటి కార్మికుడు సోమలింగం కట్టిన రాక్షసి వేషానికి ఒక జత కడియాలు చేశాడు. ఒకదాంట్లో గుండ్లు తక్కువ పడితే సాంచకు బిగించే నట్టు ఒకటి పెట్టి పని కానిచ్చాడు. పదో వరస అవతల కూర్చున్నవాడే వాటిని కడియాలు అనుకుంటాడని పరమేశ్ అభిప్రాయం. నాటకం అయిన రాత్రే ఆ జత మాయమైంది. సోమలింగమే కాజేశాడని తేల్చుకుని, ఆనాటి నుంచి అతనితో మాటలు మానేశాడు. ఆ ఏడు వానల్లో సామాను దాచిన కింది గది మునిగి అచ్చు కూడా కరిగిపోయింది.

తరువాత కరోనా వచ్చి నాటకాలే ఆగిపోయాయి. సాంచాల షెడ్డు యజమాని దీపావళి వెళ్లగానే సగం సాంచాలు అమ్మేస్తానని, ఎవరి దారి వాళ్లు చూసుకోమని చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే వరాఛాలో వేషాలు కిరాయికిచ్చే ఒక సేఠ్ పరమేశ్‌కు కబురు పెట్టాడు. పోయినేడు గర్బా ఆటలు లేవు, ఈ నవరాత్రికి గల్లీల్లో ఆడనిస్తారని అంటున్నారు. కుచ్చుల ఘాఘ్రా పావడాలు కట్టే అమ్మాయిలకు కాళ్లకు పాతకాలపు లావు కడియాలు కావాలి. వెండివి బరువు, ప్లాస్టిక్‌వి మూడో రోజుకే పగులుతాయి. రబ్బరువి అయితే మంచిదే గానీ, జానెడు దూరం నుంచి చూసినా వెండి అనిపించాలి, పది నవరాత్రులు ఆగాలి. సోమవారం సాయంత్రం నమూనా తెస్తే ఏడాది పొడవునా పని ఇస్తానన్నాడు సేఠ్. తేకపోతే ముంబై వాడికి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. ఈ పని దొరక్కపోతే దీపావళి తర్వాత పరమేశ్ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఎవరికీ తెలియదు.

జానెడు దూరం అంటే మట్టి బొమ్మతో అయ్యే పని కాదు, అసలు కడియం నుంచే అచ్చు తీయాలి. వెండి కొట్టువాడు అరువివ్వడు. పరమేశ్‌కు తెలిసినంతలో అలాంటి కడియాలు ఉన్నది ఒక్క మనిషి కాళ్లకే. ఆ మనిషి అతని అత్త బుచ్చవ్వ.

మొదటి లాక్‌డౌన్‌కు ముందు నాలుగు రోజులుందామని బిడ్డ ఇంటికి వచ్చిన బుచ్చవ్వ ఇంకా ఉంది. రెండు విషయాలు ఆమె రోజూ చెబుతుంది. ఒకటి, ఆ రాక్షసి నాటకం ఆడిన ఏడు ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగువాళ్ల గుంపుతో ఖర్చు లేకుండా కాశీకి పోయొచ్చిన సంగతి. రెండు, తన తల్లి తొడిగిన కడియాలు నలభై ఏళ్లలో ఒక్కనాడూ ఊడలేదన్న సంగతి. వాటి పంపకం ఎప్పుడో అయిపోయింది. తను పోయాక ఎడమ కాలిది బార్డోలీలో ఉండే కొడుకు మొండయ్యకు, కుడి కాలిది బిడ్డ విజయరాణికి. తీసి ఇమ్మంటే బతికుండగా ఊడవని చెప్పింది. సరే, కాలి మీదే అచ్చు తీస్తామని విజయరాణి అంటే, కాలు నొప్పని, శనివారమని, గిట్టదని వారం రోజులు దాటేసింది. చివరికి బిడ్డ ఏడుపు మొహం పెట్టేసరికి కాదనలేకపోయింది.

అసలు చిక్కు ఇక్కడుంది. వాళ్లది ఒక గది, ఒక వంటిల్లు, మధ్యలో పాత చీర పరదా. బుచ్చవ్వ ఇంటి పద్ధతిలో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, అతనితో నేరుగా మాట్లాడదు. అల్లుడు అత్త మొహం వంకే సరిగా చూడడు, కాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఆ గదిలోనే ఇరుక్కున్నప్పుడు కూడా ఇద్దరూ ఈ మర్యాద తప్పలేదు. కూరలో ఉప్పు చాలలేదన్న మాట విజయరాణి మీదుగా పోయి, ఉప్పు విజయరాణి మీదుగానే వచ్చేది. కాబట్టి అత్త కాలికి అల్లుడు అచ్చు తీయడం కుదిరే పని కాదు. విజయరాణి తీయాలి, పరమేశ్ పరదా ఇవతల కూర్చుని చెప్పాలి.

"ముందుగాల కడియానికి, కాలికి మంచిగ వాజలిన్ రాయాలె. రాయకుంటె పీఓపీ పట్టుకుంటది, ఇగ రానే రాదు," అన్నాడు పరమేశ్ ఎదుటి గోడతో.

"డబ్బ నాకియ్యే. నువ్వు రాస్తే చక్కిలిగిలి అయితది. నా కాలికి నేనే రాసుకుంట," అంది బుచ్చవ్వ పరదా వెనక.

విజయరాణి చేతులకు కరోనా కాలంలో కొన్న ప్లాస్టిక్ గ్లౌజులు తొడుక్కుంది. ముందు సగం పోయమన్నాడు పరమేశ్, పోసింది. గట్టిపడ్డాక అంచుకు కూడా వాజలిన్ రాసి అప్పుడు వెనక సగం పోయమన్నాడు. డబ్బా ఇంకా బుచ్చవ్వ చేతిలోనే ఉంది. రాశావా అని కూతురు అడిగిన రెండుసార్లూ ఆమె రాసిన, రాసిన అంది. పీఓపీ వేడెక్కింది, చల్లారింది, రాయిలా బిగిసింది. ఇప్పుడు మెల్లగా రెండు వైపులా గుంజితే అచ్చు రెండు ముక్కలై చేతికి వస్తుందని పరమేశ్ గోడకు చెప్పాడు. విజయరాణి గుంజింది. అచ్చు రాలేదు, మంచం మీది నుంచి బుచ్చవ్వ జరిగి వచ్చింది.

కొబ్బరినూనె పోశారు. వేడినీళ్లలో పెట్టారు. అట్లకాడ అంచు దూర్చబోతే దూర్చడానికి సందే లేదు. పరమేశ్ చూడకుండానే వైద్యం చెబుతున్నాడు కాబట్టి, చిన్న సుత్తితో చుట్టూ తట్టమన్నాడు. విజయరాణి తట్టింది. అప్పుడు బుచ్చవ్వ పెట్టిన కేక మెట్ల మీదుగా కింది వీధి దాకా వినపడింది.

ఎదురింటి హంసాబెన్ తలుపు తోసుకుని వచ్చేసరికి మంచం మీద ముసలావిడ, కాలికి పాదం నుంచి పిక్క దాకా తెల్లటి కట్టు, పక్కన సుత్తి పట్టుకున్న కూతురు, గోడ వైపు తిరిగి కూర్చున్న అల్లుడు కనిపించారు. బుచ్చవ్వను మాసీ అని పిలిచే ఆవిడ, మాసీకి ఏమైందని అడిగింది. అచ్చును హిందీలో ఏమంటారో విజయరాణికి తోచలేదు. రెండు చేతులు గుండ్రంగా చుట్టి, మధ్యలో విరిచినట్టు చేసి, రెండు ముక్కలను రెండు వైపులా లాగి చూపించింది. హంసాబెన్‌కు అంతా అర్థమైంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

కాసేపటికి ఆ ఇళ్ల సొసైటీ చైర్మన్ వచ్చాడు. రెండో అంతస్తులో విరిగిన మెట్టు బాగు చేయించమని లాక్‌డౌన్‌కు ముందు నుంచీ అందరూ ఆయన వెంట పడుతున్నారు. అందుకని గడపలో నిలబడగానే మాసీ ఇంట్లోనే పడి ఉంటుందని, మెట్ల మీద మాత్రం పడలేదని తీర్పు చెప్పేశాడు. ఎక్కడా పడలేదని పరమేశ్ అన్నాడు. అయితే మరీ మంచిదని ఆయన సంతోషించి, ఖర్చు తనదేనని, సూరత్‌లో పేరున్న హాడ్‌వైద్యుణ్ణి పిలిపించాడు. ఎముకలు సరిచేసే ఆ పెద్దమనిషి నూనె సీసాతో వచ్చి, కట్టు మీద వేలితో కొట్టి చూసి, ఇంత లావు కట్టు ఏ డాక్టరు వేశాడని అడిగాడు.

ఇంట్లోనే వేశామన్నాడు పరమేశ్. ఎందుకు వేశారని ఆయన అడిగాడు. కడియానికి నకలు తీయడానికన్నాడు. గుమ్మంలో నిలబడ్డ జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషికి నిజం కూడా చెప్పడం రాకపోతే ఇలాగే ఉంటుంది. హాడ్‌వైద్యుడు నూనె సీసాకు మూత బిగించి, ఇది ఎముకలకు సంబంధించిన విషయం కాదని వెళ్లిపోయాడు. చైర్మన్ కూడా ఆయన వెనకే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి బుచ్చవ్వ కాలి ఫొటో సొసైటీ గ్రూపులో పడి, అక్కడి నుంచి తెలుగు కార్మికుల గ్రూపుకు చేరి, ముసలమ్మ కాలు విరిగితే దవాఖానకు తీసుకుపోకుండా అల్లుడే ఇంట్లో కట్టు కట్టాడన్న మాటతో కలిసి బార్డోలీ వెళ్లింది. అక్కడ చక్కెర మిల్లులో పనిచేసే మొండయ్య ఉన్నపాటున బస్సెక్కాడు. మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, తల్లిని చూసి అతను అడిగిన మొదటి మాట "ఏ కాలు?"

"ఎడమ కాలన్నా," అంది విజయరాణి.

"నా కాలే దొరికిందా మీకు?"

పరమేశ్ అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఇన్నాళ్ల తన ఆశ, సేఠ్ మాట, సాంచాలు అమ్మేస్తారన్న భయం అన్నీ ఓపిగ్గా చెప్పాడు. అక్కడితో ఆపితే బాగుండేది. పని గురించి మాట్లాడేటప్పుడు అతనికి ఆపడం తెలియదు.

"నకలు ఎట్లుండాలె అంటే బావా, కాలికి తొడిగితే అచ్చం అసలు లెక్కనే ఉండాలె. ఇంట్లోళ్లు గూడ గుర్తువట్టొద్దు."

"ఇంట్లోళ్లు గూడ గుర్తువట్టొద్దు," అని మొండయ్య నెమ్మదిగా తిరిగి అన్నాడు. "అంటే నకలు అవ్వ కాలికి, అసలు సేఠ్‌కు."

"గదేంది బావా. సేఠ్‌కు కావల్సింది నకలే."

"ఎండి దొరుకుతుంటె రబ్బరు ఎవడు కొంటడు? నేను నీకు ఎట్ల కనవడ్తున్ననే?"

విజయరాణి ఏడ్చింది. అన్న మీద కోపంతోనో మొగుడి మీద కోపంతోనో ఆమెకే తెలియలేదు. బుచ్చవ్వ మాత్రం నకలు అన్న మాట వచ్చినప్పటి నుంచీ నోరు విప్పలేదు. నొప్పి ఎక్కువైందని అందరూ అనుకున్నారు. కట్టు విప్పించి, కడియం ఉందో లేదో తన కళ్లతో చూస్తే తప్ప ఇక్కడి నుంచి కదలనని మొండయ్య పట్టుబట్టాడు. పరమేశ్‌కు కావలసింది కూడా కట్టు విప్పడమే. అలా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరి ఆటో పిలిచారు. తల్లి, బిడ్డ, కొడుకు వెనక కూర్చున్నారు. పరమేశ్ డ్రైవరు పక్కన కూర్చుని, మర్యాద తప్పకుండా దవాఖాన దాకా రోడ్డునే చూశాడు.

దవాఖాన గేటు దగ్గర నుదుటికి జ్వరం తుపాకీ పెట్టే కాపలావాడు, రోగి వెంట ఇద్దరికి మించి రాకూడదన్నాడు. తల్లి కాలు తనదేనని మొండయ్య గట్టిగా అరిచాడు. అరిచినప్పుడు మాస్కు మళ్లీ గడ్డం కిందికి జారింది, ఆ వెంటనే దగ్గు వచ్చింది. కాపలావాడు ఇక మాట్లాడకుండా అతన్ని ముక్కులో పుల్ల పెట్టే వరసలో నిలబెట్టాడు. తక్కినవాళ్లు లోపలికి పోయారు.

డాక్టరు కుర్రవాడే గానీ, రెండేళ్లుగా నిద్రలేనట్టున్నాడు. కాలు విరగలేదని పరమేశ్ చెప్పాడు. విరగకపోతే కట్టెందుకని డాక్టరు అడిగాడు. ఈసారి పరమేశ్ తెలివిగా ఏమీ మాట్లాడలేదు. ఫొటో తీయనిదే కట్టు ముట్టుకోనని డాక్టరు బుచ్చవ్వను ఎక్స్‌రే గదికి పంపించాడు. ఆ తరువాత ఆమెను ఆకుపచ్చ పరదా వెనక బల్ల మీద పడుకోబెట్టారు. ఫిల్మును దీపం పెట్టెకు తగిలించి చూసిన డాక్టరు మొదట కళ్లజోడు తుడుచుకున్నాడు. తరువాత ఫిల్మును తుడిచాడు.

ఎముకలు చక్కగా ఉన్నాయి. వాటి చుట్టూ వరసగా చిన్న చిన్న గుండ్లు ఉన్నాయి.

వెండి కడియం ఉందని చెప్పారు గదా, వెండి అయితే ముద్దగా తెల్లటి పట్టీలా కనపడాలి, ఇవేమిటని డాక్టరు అడిగాడు. ఇవి చర్రాలు, వేట తుపాకీలో వేసే సీసపు గుండ్లు, ముసలావిడను ఎవరో కాల్చి, పైన కట్టు కట్టి దాచారు, పోలీసులకు చెప్పక తప్పదని ఆయన ఫోను అందుకున్నాడు. పుల్ల పెట్టించుకుని, కారుతున్న ముక్కుతో, కళ్లనీళ్లతో మొండయ్య సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చాడు. కాల్చారన్న మాట చెవిన పడగానే గోడకు చేరగిలబడ్డాడు.

పరమేశ్ ఫిల్ము వంక చూశాడు. అత్త కాలు అతను చూడడం అదే మొదటిసారి, అదీ ఎముకల దాకా. గుండ్ల వరసలో మూడు వంతులు దాటాక గుండు లేదు. దాని బదులు ఆరు పలకల నట్టు ఒకటి, మధ్యలో చిల్లుతో సహా ఉంది. ఆ నట్టు అతనికి తెలుసు. దాన్ని ఏ సాంచ నుంచి విప్పాడో కూడా తెలుసు.

అతనికి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. నిజం చెబితే కొడుకు ముందు, బిడ్డ ముందు అత్త పరువు పోతుంది. చెప్పకపోతే పోలీసులు వస్తారు. రేపు సాయంత్రం సేఠ్ కొట్టు దగ్గర ఉండవలసిన మనిషి స్టేషన్‌లో ఉంటాడు. కాసేపు తల గోక్కుని, అత్త పేరు రాకుండా ఒక నిజం చెప్పి బయటపడదామనుకున్నాడు.

"గుండ్లు పెట్టింది నేనే సాబ్," అన్నాడు హిందీలో.

విజయరాణి చేతిలోని సంచీ కింద పడింది. డాక్టరు నంబరు నొక్కడం మొదలుపెట్టాడు.

"ఓ డాక్టరూ, ఆ ఫోను కింద వెట్టు," అని పరదా వెనక నుంచి బుచ్చవ్వ గొంతు వినపడింది. డాక్టరుకు తెలుగు రాదు. అయినా ఫోను కింద పెట్టాడు. "బిడ్డా, అల్లునికి చెప్పు, మీదేసుకోవద్దని. ఆయన ఏం జెయ్యలె. గవి ఎండి కడియాలు గావు, రబ్బరువి. నాటకం నాడు సోమలింగం ఇడ్సి పెట్టినయి, నేనే తెచ్చుకున్న."

"మరి ఎండివి ఏమాయెనే?" అని మొండయ్య గోడ వదిలి నిలబడ్డాడు.

"అమ్మిన. కాశికి పోయిన."

"కాశికి గుంపోళ్లు ఉత్తగనే తీస్కపోయిండ్రంటివి గద."

"మీరిద్దరు టేషన్‌కు వచ్చి చేతులూపిండ్రు. రైలు కిరాయి ఎవలిచ్చిండ్రవ్వా అని ఒక్కలన్న అడిగిండ్రా?"

మరి వాజలిన్ ఎందుకు రాయలేదని విజయరాణి సన్నగా అడిగింది. రాస్తే రంగు ఊడి రబ్బరు బయటపడుతుందని భయపడ్డానంది బుచ్చవ్వ. రంగు ఊడే పద్ధతిలో తాను ఏనాడూ చేయలేదని పరమేశ్ గోడకు చెప్పాడు. అతని గొంతులో కొంచెం నొచ్చుకున్నట్టు ఉంది. వీళ్లు ఏ భాషలో దేని గురించి తగువులాడుకుంటున్నారో తెలియని డాక్టరు, చర్రాలు కావని మాత్రం గ్రహించి కట్టు కోయించాడు.

గుండ్రటి రంపం పీఓపీతో పాటు కడియాన్ని కూడా ఒకచోట కోసింది. కోసిన చోట గులాబి రంగు దారం చిక్కు బయటికి వచ్చింది. ఆ నాటకం ఏడు సాంచాల మీద గులాబి చీరలే నడిచాయి. పరమేశ్ దాన్ని చేతిలోకి తీసుకుని, దీపం కిందికి పోయి, జానెడు దూరం నుంచి చూశాడు. తరువాత బెత్తెడు దూరం నుంచి చూశాడు. పసుపు నీళ్లు, సబ్బు నీళ్లు, బాత్రూం గచ్చు, గంగ, తాపీ నది అన్నీ చూసిన కడియం పాత వెండిలా నల్లబారి మెరుస్తోంది. ఒక్క పెచ్చు ఊడలేదు. అతనికి అత్త మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లు మాట్లాడనందుకు సోమలింగం ముందు సిగ్గేసింది. ఈ రెండింటికంటే ఎక్కువగా, ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషం కలిగింది. పదో వరస అవతలికే పనికొస్తుందనుకున్న తన వస్తువు ఒకే గదిలో తననే ఇన్నాళ్లు మోసం చేసింది.

ఆటోలో ఇంటికి వస్తుండగా సంతోషం దిగిపోయింది. అచ్చు పాడైంది, నకలు కోసుకుపోయింది, పీఓపీ అయిపోయింది. సేఠ్‌కు చూపించడానికి చేతిలో ఏమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా పరమేశ్ గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. ఆఖరి బస్సు తప్పిపోయి అక్కడే ఉండిపోయిన మొండయ్య అతనికి ఎదురుగా, తన వంతు కడియం పోయిన దిగులుతో కూర్చున్నాడు. అప్పుడు పరదా వెనక నుంచి మాట వచ్చింది.

"బిడ్డా, సేఠ్ కాడికి నేను గూడ వస్తున్ననని చెప్పు. ఇంకో కాలిది ఉన్నది గద."

నలుగురూ వరాఛా వెళ్లారు. మెట్లు దిగేటప్పుడు బుచ్చవ్వ నడకను చూసి హంసాబెన్, ఒక్కరోజులో కాలు అతికించిన హాడ్‌వైద్యుడికి మెట్ల మీదే దండం పెట్టుకుంది. సేఠ్ కొట్టులో ఘాఘ్రాల గుట్టల మధ్య కూర్చుని, ముంబై వాడితో ఫోనులో మాట్లాడుతున్నాడు. పరమేశ్‌ను చూసి నమూనా ఏదని సైగ చేశాడు. బుచ్చవ్వ చీర కుచ్చిళ్లు వేలెడు పైకెత్తి, కుడికాలు ముందుకు పెట్టింది. సేఠ్ ఫోను ఆపి, కుర్చీ దిగి, వంగి చూశాడు.

పనితనం గొప్పగా ఉందని మెచ్చుకున్నాడు. ఇలాంటి వెండి ఇప్పుడు దొరకదన్నాడు. అసలుది చూశాను, ఇక నకలు చూపించమన్నాడు.

ఇదే నకలు అన్నాడు పరమేశ్. సేఠ్ నవ్వాడు. తన తండ్రి కాలం నుంచీ వేషాల వ్యాపారంలో ఉన్నామని, వెండికీ రబ్బరుకీ తేడా తెలియనంత గుడ్డివాడిని కానని, చేయడం చేతకాకపోతే చేతకాలేదని చెప్పాలి గానీ ముసలావిడను ఎండలో నడిపించుకు రావడం మర్యాద కాదని అన్నాడు. సేఠ్ మళ్లీ ముంబై నంబరు కోసం ఫోను తీశాడు.

ఈ మాటలు బుచ్చవ్వకు ఎవరూ తెలుగులో చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. ఆమె స్టూలు మీద కూర్చుని, కడియం రెండు కొసలు విడదీసి, కాలి నుంచి లాగి, బల్ల మీదికి విసిరింది. అది బల్ల మీద పడి రెండుసార్లు ఎగిరి సేఠ్ ఒళ్లో పడింది.

సేఠ్ దాన్ని పిండి చూశాడు, మెలిపెట్టాడు, గోటితో గీకాడు. బల్ల మీది శానిటైజర్ సీసా తీసుకుని కడియం మీద బుస్సుబుస్సున కొట్టి, తెల్ల రుమాలుతో రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. ఎన్నాళ్లు వాడిందని అడిగాడు. పరమేశ్ ఆ ప్రశ్నను విజయరాణికి చెప్పాడు, విజయరాణి తల్లికి చెప్పింది. జవాబు అదే దారిలో వెనక్కి వచ్చింది.

"కాశి గంగల మునిగొచ్చినయి. కరోనా రెండు సార్లు జూసినయి. ఏం గాలె అని చెప్పు."

గంగ అన్న మాట వినగానే సేఠ్ చేతిలోని రబ్బరు కడియాన్ని కళ్లకద్దుకున్నాడు. అద్దుకున్నాక కొంచెం ఇబ్బందిపడి, ఫోను జేబులో పెట్టేసి, నవరాత్రికి ఎన్ని జతలు అందించగలవని పరమేశ్‌ను అడిగాడు. కొత్తవి కూడా సరిగ్గా ఇంత పాతవిగా ఉండాలని షరతు పెట్టాడు.

గుమ్మంలో నిలబడ్డ మొండయ్య ఇంకా తల్లి బోసి కాళ్ల వంకే చూస్తున్నాడు.

"నలభై ఏండ్ల సంది ఒక్కనాడు ఊడలేదంటివి గదనే అవ్వా."

"గుంజి చూసినోళ్లు ఎవలు బిడ్డా," అంది బుచ్చవ్వ.

పరమేశ్ మాత్రం అప్పుడు కూడా అత్త కాళ్ల వంక చూడలేదు.